అడిగినదాంట్లో సగం

మా కౌన్సిలరు గురించి ఇక్కడ రాసేవన్నీ నేను కళ్లారా చూసినవి, లేదా టేపుతో కొలిచినవి. ఆయనపై ప్రచారంలో ఉన్న వీరగాథలకు నేను పూచీ పడను.

ఎనభైల నడిమి సంవత్సరాల్లో ఆయన నాచారంలో ఒక ఫ్యాక్టరీకి కార్మిక నాయకుడు. అదే ఫ్యాక్టరీలో నేను ప్లాన్లు గీసే ఉద్యోగిని. షిఫ్టు మారే వేళ ఆయన గేటు ముందు స్టూలెక్కితే, ఇంటికి పోవలసినవారు పోయేవారు కారు, లోపలికి రావలసినవారు వచ్చేవారు కారు. ఉత్పత్తి ఆపడానికి ఆయనకు సమ్మెతో పనే ఉండేది కాదు.

ఒక వేసవిలో కొలిమి షెడ్డుకు ఎనిమిది ఫ్యాన్లు కావాలన్నాడు. యాజమాన్యం ఒక్కటీ ఇవ్వనంది. గేటు ముందు టెంటు పడింది. రిలే నిరాహార దీక్షలు మొదలయ్యాయి. టిఫిను చేసి వచ్చినవారు భోజనాల వేళ వరకు ఆకలితో పోరాడారు. చివరికి నాలుగు ఫ్యాన్లకు ఒప్పందం కుదిరింది. నాయకుణ్ణి భుజాల మీద ఊరేగించారు. ఆ షెడ్డు ప్లాను గీసినవాణ్ణి నేను. అందులో ఫ్యాన్లకు చోట్లు నాలుగే. ఆ మాట అంటే ఆయన నవ్వాడు.

“నాలుగు గావాల్నంటె నాలుగే అడుగుతరా సార్? రెండిచ్చి పొమ్మంటరు.”

ఆ ఊరేగింపుల బలంతోనే కొన్నేళ్లకు ఉప్పల్ మున్సిపాలిటీలో మా వార్డుకు కౌన్సిలరయ్యాడు. స్టూలు పోయి సోఫా వచ్చింది గాని పద్ధతి మారలేదు. అడిగేవాడు రెట్టింపు అడగాలి, ఇచ్చేవాడు సగం ఇవ్వాలి. ప్రజాస్వామ్యమంటే ఆయనకు తెలిసింది అంతే. ఇప్పుడు తాను ఇచ్చే వైపు ఉన్నాడు కనుక, చేతికొచ్చిన ప్రతి అర్జీలోనూ సగం కోసేవాడు. నాలుగు బోర్లు అడిగిన బస్తీకి రెండు వేయించాడు. వాళ్లకు కావలసింది రెండే కాబట్టి దండ వేసి పంపారు.

మా వీధి పల్లంలో ఉంది. వాన కురిస్తే పై రోడ్డు నీరంతా చివరి ఇళ్లలోకి, అందులోనూ మా వంటింట్లోకి దిగేది. రోడ్డు కింద అడ్డంగా ఒక సిమెంటు గొట్టం వేసి నీటిని మురుగునీటి నాలాలోకి మళ్లిస్తే సరిపోతుంది. నేను వీధి వాలు కొలిచాను, గోడల మీది నీటి చారలు కొలిచాను. రెండడుగుల వ్యాసం గొట్టం కావాలని పటంతో సహా అర్జీ రాశాను.

సంతకం పెట్టడానికి వచ్చిన మా పొరుగాయన అదే ఫ్యాక్టరీలో ఫిట్టరు. “నాలుగని రాయిన్రి సార్. మన కౌన్సిలరన్న సంగతి మీకెర్క లేదా?” అన్నాడు.

అబద్ధపు కొలత కింద నా సంతకం ఉండదన్నాను.

అడుగు గొట్టం వచ్చింది.

మొదటి పెద్ద వానకే ఖాళీ గ్యాసు సిలిండరు తేలుకుంటూ ముందు గదిలోకి వచ్చింది. నా భార్య తడిసిన పప్పుల డబ్బాలను ఒక్కొక్కటే తెచ్చి నా బల్ల మీద, నా పటాల పైన పెట్టింది.

మర్నాడు వీధి వీధంతా కౌన్సిలరు ఇంటి ముందు కూర్చుంది. నినాదాలు విని బయటికి వచ్చిన ఆయన ముఖంలో కోపం లేదు. పుట్టింటివారిని చూసిన కోడలి సంబరం ఉంది. అలవాటు కొద్దీ తానూ పిడికిలి ఎత్తాడు. ఆ నినాదం తన మీదేనని కాసేపటికి గాని తోచలేదు.

“ఏం గొట్టమేసినవే అన్నా గది? దాంట్లకెళ్లి పిల్లి గూడ పోదు!” అన్నాడు ఫిట్టరు.

“జర ఆగు తమ్మీ. డిమాండేందో జెప్పు.”

అందరూ నా వైపు చూశారు. నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి నా భార్య అంది: “నాలుగడుగులు.”

“నాలుగా! నాలానే దెచ్చి రోడ్డు కింద వెట్టుమంటవా ఏందమ్మా? అయ్యే పని గాదు.”

“అయితే గీడికెళ్లి లేసేది లేదు,” అన్నాడు ఫిట్టరు.

కౌన్సిలరు ఇంటి నుంచే అందరికీ చాయ్ వచ్చింది. మధ్యాహ్నానికి రెండడుగుల దగ్గర రాజీ కుదిరింది.

గొట్టం దింపిన రోజు ఆయన దాని మీదే నిలబడి ప్రసంగించాడు. “నాలుగడుగుల కోసం కొట్లాడినం, రెండడుగులు సాధించినం!” ఎవరితో కొట్లాడాడని ఎవరూ అడగలేదు. చప్పట్లు మోగాయి. దండ వేయడానికి నన్ను పిలిచారు. వేశాను. ఆ ఏడాది వానలకు మా వంటింటి గడప తడవలేదు.

తవ్వి తీసిన అడుగు గొట్టం కూడా వృథా కాలేదు. పక్క వీధిలో వేయించాడు. వాళ్లూ సరిగ్గా రెండడుగులే అడిగారు; ఆ అర్జీ రాసింది ఆ వీధి లెక్కల మాస్టారు.