యుద్ధానికి పోయిన లారీ

పెనుకొండ బస్టాండు ఎదుట టీ బంకు బల్ల మీద, లుంగీ మోకాళ్ల పైకి లాక్కుని కూర్చునే రసూల్‌ను చూడనివాడు ఆ ఊరివాడే కాదు. ఒకప్పుడు అతని లారీ హారన్ మోగిందంటే కోట మీది గబ్బిలాలు మడకశిర దాకా ఎగిరిపోయేవి. నమ్మకపోతే గబ్బిలాలనే అడగండి. చక్కెర, కిరసనాయిలు ఎవరికెంతో లెక్కగట్టే సర్కారు, అరవై ఐదులో యుద్ధం రాగానే లారీలనూ లెక్కగట్టి, మిలటరీ సరుకు మోయడానికి రసూల్ లారీని పట్టుకుపోయింది. అప్పటినుంచి రసూల్ ఎడమకాలు కూర్చున్నచోటే క్లచ్ తొక్కుతూ ఉండేది. "ఏమబ్బా రసూలూ, యాడిదాకా వచ్చినావు?" అని బంకు ఓబులేసు ఎగతాళి చేస్తే, "గుత్తి దాటినాలే, అడ్డం రావద్దు" అనేవాడు. రోడ్డు మీద ఏ బండి మోత వినిపించినా మెడ సాగేది.

ఒక మధ్యాహ్నం మిలటరీ లారీల వరుస టీ కోసం ఆగింది. ఒకదాని ఇంజను దగ్గు వినగానే రసూల్ లేచాడు. పచ్చరంగు పూసినా అది తనదే. బిడ్డకు జ్వరం చూసినట్టు బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు. సంగతి విన్న సర్దార్జీ డ్రైవరు తలుపు తెరిచి, "ఎక్కు భాయీ, ఊరు దాటేదాకా నువ్వే తోలు" అన్నాడు ఉర్దూలో. రసూల్ మెట్టు మీద కాలు పెట్టాడు. లోపలి వాసన తగిలింది. కాలు దించేశాడు. "వద్దు భాయీ, స్టీరింగు పట్టుకుంటే మళ్లా దిగలేను" అని అదే భాషలో చెప్పి, తలుపు తానే మూశాడు. "ఎత్తు ఎక్కేటప్పుడు మూడో గేరు జారుతుంది, రాడ్డుకు మోకాలు అడ్డం పెట్టు. తిట్టొద్దు, మాట వింటుంది."