పదకొండు గొంతుల పాట

సోమక్క మడిలో దిగిందంటే ఆ రైతుకు సగం ధైర్యం, సగం భయం. నాటు పొద్దుగూకకముందే పడుతుందని ధైర్యం, తన పిసినారితనం మీద పాట కడుతుందని భయం. ధర్మసాగర్ చెరువు కింద ముప్పై రెండేళ్లుగా నాట్ల గుంపుకు ఆమెదే ముందు గొంతు. ఆమె ఒక వరుస విసురుతుంది. పక్కన వంగి ఉన్న పదిమంది ఆ వరుసనే ఎత్తుకుంటారు. వాళ్లు వంత పాడేంతసేపే సోమక్కకు ఊపిరి. ఆ కాస్తలోనే నారు కట్ట విప్పుతుంది, వెనకబడ్డదెవరో చూస్తుంది, తరువాతి వరుస అల్లుతుంది. రాసిపెట్టుకున్న పాట కాదది. బడికి రెండో తరగతి దాకా పోయింది, సంతకం పెట్టడం వచ్చు, అంతకుమించి చదువుకున్నవాళ్లు ఏం ఉద్ధరించారని ఆమె అడుగుతుంది.

మూడేళ్ల కిందట హనుమకొండ సుబేదారి నుంచి దీప అనే పిల్ల వచ్చి ఒడ్డు మీద కూర్చుని ఆ పాటను ఫోన్లో పట్టుకుపోయింది. ‘పాటగూడు’ అని ఒక సైటు నడిపేది. పాడేవాళ్లు అందులో పాట పెడతారు, విన్నవాళ్లు నేరుగా వాళ్లతోనే ముచ్చట పెడతారు. తొమ్మిది నిమిషాల నాటు పాటకు ఎక్కడెక్కడివాళ్లో మాటలు రాశారు. వంతలో మొదటి గొంతు యాకమ్మది, ఫోనూ ఆమెదే. కూడబలుక్కుని చదివి వినిపించేది. బొంబాయి దగ్గరి భీవండిలో మగ్గాల మీద బతుకుతున్న ఒకావిడ, “అంట్లు తోముకుంట మీ వెనక నేను గూడ పాడుతాన అక్కా” అని రాసింది. ఆ మాటను సోమక్క యాకమ్మతో నాలుగుసార్లు చదివించుకుంది. నాలుగోసారి సరిగ్గా వినపడలేదని అబద్ధమాడింది.

ఏడాది తిరగకముందే సైటు మూతపడింది. నడిపే శక్తి దీపకు చాలలేదు. ఈ వానాకాలం బట్టల దుకాణం ఓంప్రకాశ్ చేయి కలిపితే మళ్లీ తెరుస్తున్నామంటూ కబురు పెట్టింది. ఆదివారం పొద్దున హనుమకొండలో ఫంక్షన్ హాలు, వేదిక, పూలు. సోమక్కను ఒక్కదాన్నే పిలిచారు. ఆమె యాకమ్మను వెంటబెట్టుకుని ఆటో దిగింది.

“నీ పాటతోటే ఓపెన్ చేస్తానం అక్కా. బటన్ నువ్వే నొక్కాలె. ముందుగాల జర విను,” అని వేదిక వెనక దీప ఆ నాటు పాటనే కొత్తగా చేయించింది వినిపించింది.

మిషను డప్పు మోగింది. కడిగిన గిన్నెలా సోమక్క గొంతు వచ్చింది. ఒక వరుస అయిందో లేదో ఇంకో వరుస, దాని మీద ఇంకోటి.

“యాకమ్మేది?” అంది సోమక్క.

“గిక్కడనే ఉన్న గదనే,” అంది పక్కనుంచి యాకమ్మ.

“నువ్వు గాదే, నీ గొంతు. మీ పదిమంది ఏడికి పోయిండ్రు?”

దీప నవ్వబోయి ఆగిపోయింది. “ఒకటే లైను రెండుసార్లు వస్తాందని సాఫ్ట్‌వేర్ రెండోది తీసేసింది అక్కా. మంచిగనే ఉన్నదనుకున్నం. నాలుగు నిమిషాలల్ల అయిపోతాంది.”

“మరి నేను ఊపిరెప్పుడు తీస్కుంటాన? గిది బతికున్న మనిషి పాడినట్టున్నదా?”

ఓంప్రకాశ్ ముందుకొచ్చాడు. “అమ్మా, గిప్పుడు జనాలకు టైం లేదు. అన్నదే అంటే వేలుతోటి పక్కకు తోసేస్తరు.”

“సేటూ, నువ్వు చీరెలమ్మెటోనివి. పేక పోగులన్ని ఒక్కతీరుగనే ఉన్నయని గుంజి పారేసి, ఉత్త పడుగు అమ్ముతవా?”

“అది వేరు, ఇది వేరమ్మా.”

“అది నీ సరుకు గనుక వేరు.”

దీప ఆమె చేయి పట్టుకుంది. “పేజీ నీ పేరు మీదనే ఉంటది అక్కా. ఫోటో గూడ నీదే.”

“పదిమంది నడుములు ఇరిగితె నా ఒక్కదాని ఫోటోనా? నొక్క పో.”

“గెస్టులు కూసున్నరక్కా...”

“కూసోనియ్యి. మేం పొద్దంత వంగుతం. కుర్చీలల్ల కూసున్నోళ్లకు ఏం రోగం?”

వేరేవాళ్ల పాటతో తెరుద్దామన్నాడు ఓంప్రకాశ్. “ఎవలదన్న పెట్టుకో. నా గొంతు మాత్రం అండ్ల ఉండద్దు,” అని సోమక్క కొంగున దాచిన కాగితం తీసి బల్ల మీద పెట్టింది. పాట వాడుకోవడానికి ఒప్పుకుంటున్నానని సంతకం పెట్టమంటూ దీప పంపిన కాగితం అది. యాకమ్మ చదివి చెప్పాక కూడా, పాట విన్నాకే పెడతానని సంతకం ఆపుకుంది. ఆ చోటు ఇంకా తెల్లగానే ఉంది.

హాలు దాటుతుంటే యాకమ్మ నడక మెల్లగైంది. “బిర్యానీ వాసన వస్తాందే. తినిపోదామా?”

“తిని, అన్న మాట వాపస్ తీస్కుందామా? నడువు.”

ఆటోలో కూర్చున్నాక మాత్రం సోమక్కకు అంట్లు తోముకుంటూ పాడే ఆవిడ గుర్తొచ్చింది. భీవండి మనిషి ఇక దొరకదు. ఆమె మాటలు ఆ పాట కిందే ఉండేవి, పాటే లేకపోయె. అయినా ఆటో వెనక్కి తిప్పమనలేదు.

నాలుగో రోజు దీప మడి ఒడ్డు మీదికి వచ్చి నిలబడింది. సోమక్క నడుము ఎత్తలేదు.

“సైటు తెరిచినం. విన్న పాతోళ్లందరు వాపస్ వచ్చిండ్రక్కా. నాట్ల గుంపు పాట ఏదని ఒకటే అడుగుతాండ్రు.”

“సోమక్క ఏదని అడుగుతలేరా?”

“గుంపేదనే అడుగుతాండ్రు.”

సోమక్క ముఖం వెలిగింది. వంగి ఉంది కాబట్టి అది నారుకే తెలిసింది.

“తప్పు నాదే అక్కా. మిమ్ముల ఒక్కమాట అడగకుంట ఒప్పుకున్న.”

“తప్పు ఒడ్డు మీద నిలవడి ఒప్పుకుంటరా? దిగు.”

దీప పాంటు మడిచి దిగింది. మోకాలి దాకా కూరుకుపోయి, ఫోను తడవకుండా చేయి పైకెత్తి నిలబడింది. గుంపులో బక్కమ్మ నవ్వాపుకోలేక నారు వదిలేసింది. సోమక్క అప్పటికప్పుడు పట్నం కొంగ బురదలో దిగిందని వరుస కట్టింది. పదిమంది ఎత్తుకున్నారు. పదకొండు నిమిషాలు పట్టింది, దీప ఒక్కసారి కూడా ఆపమనలేదు.

పాట అయ్యాక పేరు రాయాల్సి వచ్చింది. “ఒక్క పేరుకే జాగ ఉన్నదక్కా.”

“జాగ పెద్దగ చెయ్యి.”

వరుసలోంచి ఒక్కొక్కరే ఇంటిపేరుతో సహా అరిచి చెప్పారు. సారలమ్మ తన పేరు రాశారో లేదో చూపించమని ఫోను దగ్గరికి లాగి, తెరకు బురద పూసింది. దీప అక్కడే నిలబడి పాటను, పేర్లను సైటుకు ఎక్కించింది. కాసేపటికి ఓంప్రకాశ్ నుంచి ఫోను. దీప స్పీకరు పెట్టింది.

“పదకొండు పేర్లేంది దీపా? తెరంత నిండిపోయి అడ్డం తిడ్డంగ కనపడుతాంది.”

సోమక్క నడుము నిటారు చేసి ఫోను వైపు తిరిగింది.

“పేర్లు సక్కగనే ఉన్నయి సేటూ. నీ తెరనే చిన్నగున్నది, గది సూస్కో.”

మళ్లీ వంగి నారు కట్ట విప్పింది.