ఏడుతో భాగిస్తే తెగని ఒకటి

ఒకటిని ఏడుతో భాగించడం మొదలుపెడితే ఆగదు. పాయింటు తర్వాత 142857 వస్తుంది, మళ్లీ 142857, మళ్లీ అదే. డెబ్బైల చివర్లో, పదో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలం, మా ఇంటి గచ్చు మీద సుద్దముక్కతో ఆ భాగహారం చేస్తూ గుమ్మం దాకా వచ్చేశాను. అమ్మ చూసి "పిచ్చి లేసిందానే నీకు?" అంది. లేసినట్టే ఉండేది.

మాది కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇల్లు. పెద్ద జంపఖానా నేయాలంటే మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. బాపు పక్కన కూర్చునే అన్న భీవండి మిల్లుకు వెళ్లిపోయాడు. ఆ చోట్లో నేను కూర్చున్నాను. హనుమకొండలో కాలేజీ తెరిచే రోజు దగ్గరపడుతోంది, నన్ను పంపుతాడో లేదో బాపు చెప్పడు. అడిగితే "సూద్దాం తియ్ బిడ్డా" అంటాడు. అవునో కాదో తేలని ఆ మాటకు నాకు ఒళ్లు మండేది. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటు పోవాలో తోచేది కాదు.

తోచకే ఆ సంఖ్యను పట్టుకున్నాను. రెండుతో గుణిస్తే 285714. మూడుతో 428571. ఆరు దాకా ఎంతతో గుణించినా అవే ఆరు అంకెలు, అదే వరుసలో. మొదలయ్యే చోటే వేరు. ఎటు పోయినా మళ్లీ తన ఇంట్లోనే తేలే ఆ సంఖ్య మీద కోపం కూడా వచ్చేది.

మగ్గం దగ్గర ఇద్దరిలో చిన్నవాళ్లు పోగులు లెక్కపెట్టి, రంగు మార్చమని చెప్పాలి. పెద్దవాళ్లు లెక్కపెట్టరు, నేత బిగువు చూసుకుంటారు. ఒక పొద్దున నేను "మార్చు" అన్నప్పుడల్లా బాపు ఎరుపు వదిలి నీలం, నీలం వదిలి ఎరుపు అందుకుంటున్నాడు. చారలన్నీ ఒకే వెడల్పు రావాల్సిన జంపఖానా అది. జానెడు నేశాక బాపు చెయ్యి ఆగింది. ఒక చార సన్నం, ఒకటి లావు. నేనేం చెప్పానో అప్పుడు తెలిసింది. ఒక పోగు, నాలుగు, రెండు, ఎనిమిది, ఐదు, ఏడు.

"ఏం లెక్కనే ఇది?" అన్నాడు బాపు.

తిట్లకు సిద్ధపడి గుణకారాలన్నీ చెప్పాను. బాపు వేలితో చారలు తడుముతూ రెండు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరిగి నాలుగు దాకా వచ్చాడు.

"మరి ఏడుతోని గుణిస్తే?"

"అన్నీ తొమ్మిదులే బాపూ. అండ్ల ఈ అంకెలు ఒక్కటి గూడ ఉండయి."

"అట్లనా" అన్నాడు. నేసిందంతా ఇద్దరం కలిసి విప్పాం. తిట్టినా బాగుండేది. ఇక కాలేజీ ముచ్చట ఎత్తే మొహం లేదనుకున్నాను.

ఆ జంపఖానా పూర్తయ్యాక కొత్తదానికి పడుగు కట్టాలి. నేను నీళ్లు తెచ్చేసరికి బాపు ఒక్కడే కట్టేశాడు. నిలువు దారాలు మగ్గంలో సగం దాకానే ఉన్నాయి. నేను కూర్చునే వైపు కర్ర బోసిగా ఉంది.

"సగమే కట్టినవేంది బాపూ?"

"ఇగ చిన్నయే నేస్త. ఒక్కనికి గిది చాలు."

లోపలి నుంచి అమ్మ అంది, "పెద్దయి ఇడిస్తే ఇల్లెట్ల ఎల్తది?"

"ఎల్తది తియ్. దాని పానం ఈడ లేదు. ఎన్నొద్దులని కూసోబెడ్త?" అన్నాడు బాపు, ముడి బిగిస్తూ.

సంతోషం వచ్చింది, నిజమే. దాంతోపాటే ఏడుపూ వచ్చింది. వెళ్లి బాపు పక్కన, దారాలు లేని వైపు కూర్చున్నాను. లెమ్మనలేదు.