కిల్న్ ఆగకూడదు

గురజాల వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళకు ఒక పట్టింపు ఉంది. మంట మీదున్న కిల్న్‌ను ఆపకూడదు. కిల్న్ అంటే అడ్డంగా పడుకోబెట్టిన పెద్ద ఇనప గొట్టం. లోపల సున్నపురాయి కాలుతుంటుంది, గొట్టం తిరుగుతూనే ఉండాలి. వేడి మీద ఆగితే సొంత బరువుకే వంగిపోతుంది. అది వంగితే మా అందరి కూడూ పోయినట్టే. అందుకని సమ్మె చేసినా మా యూనియనే కొందరిని ఎంచి కిల్న్ దగ్గర ఉంచుతుంది. అది కంపెనీ పెట్టిన రూలు కాదు, మావాళ్ళ పిచ్చి ప్రేమ.

ఆమధ్య ఫ్యాక్టరీ చేతులు మారింది. బస్తాలు నింపే ప్యాకింగ్ పనిని కాంట్రాక్టుకిచ్చి, అక్కడి పర్మనెంటు వాళ్ళను తీసేస్తామన్నారు కొత్తవాళ్ళు. మా అక్క మొగుడిది ప్యాకింగే. నన్ను ఫ్యాక్టరీలో కిల్న్ పనికి చేర్పించింది కూడా ఆ బావే. సమ్మె మొదలయ్యాక ఆయన గేటు బయట టెంటు కింద కూర్చున్నాడు. యూనియన్ ప్రెసిడెంటు నన్ను పిలిచి, "నువ్వు లోపలుండి మంట చూసుకో" అన్నాడు. సరేనన్నాను.

లోపలే తిండి, లోపలే నిద్ర. అక్క కట్టిన క్యారేజీని బావ తెచ్చి గేటు ఊచల సందులోంచి ఇచ్చేవాడు.

"మంట ఎట్టుందిరా?"

"చానా బాగుంది బావా."

ఆ మాటకు ఆయన మొహం విప్పారేది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

చర్చలు గెస్ట్‌హౌస్‌లో జరిగాయి. మావాళ్ళు ఎంత గట్టిగా మాట్లాడినా మేనేజరు గొంతు పెంచలేదట. "మీరంతా బయటే ఉన్నారు, కిల్న్ నడుస్తూనే ఉంది. ఎంతమంది చాలో మీరే చూపించారుగా" అన్నాడట. కూర్చున్న కొమ్మను నరుక్కున్నామని అప్పుడు తెలిసింది మాకు. చివరికి కిల్న్ వాళ్ళు ఉండేట్టు, ప్యాకింగ్ వాళ్ళు పోయేట్టు సంతకాలయ్యాయి.

ఆ సాయంత్రం ప్యాకింగ్ వాళ్ళంతా గేటు మీదకొచ్చి, ఇప్పుడన్నా ఆపి బయటికి రండ్రా అన్నారు. ఆపితే మా పనీ పోతుంది, ఆపకపోతే ద్రోహులం. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నేను బావ వైపు చూశాను. ఆయన రమ్మంటే వచ్చేసేవాణ్ణే.

"నువ్వు రాబాకరా. రెండిళ్ళకీ కలిపి ఒక్కడన్నా లోపలుండాల" అన్నాడు.

పక్కనున్నవాళ్ళు ఆయన్ని కూడా తిట్టారు. తల వంచుకుని పడ్డాడు. నేను లోపలే ఉండిపోయాను.

కొన్నాళ్ళకు బావ మళ్ళీ అదే ప్యాకింగ్‌లో చేరాడు, ఈసారి కాంట్రాక్టు కూలీగా. కాంట్రాక్టరు ఎక్కడివాడో, యూనియనంటే హడలు. పర్మనెంటు వాళ్ళ చుట్టాలెవరినీ పనిలో పెట్టుకోడు. బావ తనకు లోపల ఎవరూ లేరని చెప్పి చేరాడు. ఆ సంగతి అక్క చెబితే తెలిసింది.

మొన్న డ్యూటీకి పోతుంటే ఎదురయ్యాడు. కాంట్రాక్టరు సూపర్‌వైజరు పక్కనే ఉన్నాడు. బావ పక్కకు జరిగి నాకు దారిచ్చి, "నమస్తే సార్" అన్నాడు. నా ప్రాణం చచ్చిపోయింది. నోటిదాకా వచ్చిన 'బావా'ను మింగి, తెలియనివాడికి ఊపినట్టు తల ఊపి ముందుకు నడిచాను.