చాందిని ఎడమ మెడ

మెట్‌పల్లి చుట్టుపక్కల లగ్గం కుదిరిందంటే మగపెళ్ళివాళ్లు ముందు మాట్లాడుకునేది బ్యాండు లింగమూర్తిని, ఆ వెంటనే గుర్రం పరశురాములును. పరశురాములు దగ్గర చాందిని అనే తెల్ల ఆడగుర్రం ఉండేది. నాందేడ్ దిక్కు మాలేగాం జాతరలో దాన్ని చిన్నగా ఉన్నప్పుడే కొని, వ్యానులో గడ్డి పరిచి, పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చుకున్నాడు. డప్పు దరువుకు ముందుకాళ్లెత్తి ఆడటం తానే నేర్పాడు. బరాత్‌లో చాందిని ఆడుతుంటే పెళ్ళికొడుకును చూసేవాళ్లు తక్కువ. అతనికి తిండీ అదే, ఇజ్జతూ అదే.

అలాంటి గుర్రం మొండికేయడం మొదలుపెట్టింది. జీను పట్టీ బిగిస్తే మెడ తిప్పి కొరకబోయేది. ఎవరైనా ఎక్కబోతే పక్కకు జరిగేది. దీనికి పొగరెక్కిందనుకున్నాడు పరశురాములు. పొగరుకు మందు చేతిలో ఉండనే ఉంది, చర్నాకోల. మొదట్లో బెదిరించడానికే ఎత్తేవాడు. రానురాను ఎత్తిన చెయ్యి ఊరికే దిగడం మానేసింది.

కోరుట్లలో ఒక లగ్గం నాడు చాందిని రోడ్డు మధ్యలో కాళ్లెత్తకుండా నిలబడిపోయింది. డప్పులు ఆగిపోయాయి. పెళ్ళికొడుకు దోస్తులు వీడియో తీస్తూ నవ్వారు.

"ఏం పరశురాములూ, గుర్రమని గాడిదను పట్టుకొచ్చినవా?" అన్నారెవరో.

ఆ మాటతో అతనికి ఒళ్లు తెలియలేదు. అంతమంది చూస్తుండగా కొట్టాడు. లింగమూర్తి సన్నాయి పక్కన పడేసి వచ్చి చెయ్యి పట్టుకునేదాకా కొడుతూనే ఉన్నాడు. తెల్లారేసరికి చాందిని ఎడమ ముందుకాలు మోపలేక కుంటింది.

పశువుల డాక్టరు చూసి, ఎముక బాగానే ఉంది, భుజం కండలు బిగుసుకుపోయాయన్నాడు. సూదితో నొప్పి తగ్గినా బిగువు పూర్తిగా పోదన్నాడు. కరీంనగర్‌లో దిక్కులేని గుర్రాలనూ కుక్కలనూ సాకే షెల్టరు ఒకటుందని, అక్కడ స్తుతి అనే అమ్మాయి ఉత్త చేతులతోనే ఆ బిగువు వదిలిస్తుందని, నేర్చుకుంటానన్నవాళ్లకు నేర్పుతుందని కూడా చెప్పాడు.

పరశురాములు వెళ్లాడు. జాలితో కాదు, మాఘమాసం లగ్గాలకు గుర్రం పనికి రావాలని వెళ్లాడు. ఆ సంగతి తర్వాత ఎప్పుడు తలపుకొచ్చినా తింటున్న కంచం పక్కకు నెట్టేసేవాడు.

స్తుతి ఊరు ఇచ్చోడ. తండ్రి యెషయా ఎడ్లు కట్టి కూలికి దున్నిన మనిషి కావడంతో పశువుల మధ్యే పెరిగింది. మొదటిరోజే పరశురాములును ఒక ముసలి గుర్రం పక్కన నిలబెట్టింది.

"చెయ్యి పెట్టు అన్నా. ఒత్తకు."

"ఒత్తకుంటే మాలిష్ ఎట్లయితది మేడం?"

"గిది మాలిష్ గాదు. నీ కన్నురెప్ప మీద ఎంత బరువు పెడ్తవో గంతే పెట్టు. చర్మం మీద చెయ్యి జారనియ్యకు, చర్మాన్నే జర కదుపు, సున్న చుట్టినట్టు. కదిపి ఆగు. అది ఆవలిస్తదా, నోరు చప్పరిస్తదా, తల కిందికి దించుతదా చూడు. లోపల వదిలితెనే గట్ల చేస్తది."

అతను చెయ్యి పెట్టి ఆగాడు. ఆగడమే కష్టమైంది. ఇన్నేళ్లుగా గుర్రాన్ని లాగడం, నెట్టడం, అదిలించడం తప్ప దాని పక్కన ఊరికే నిలబడటం ఎరగడు. చాలాసేపటికి ముసలి గుర్రం పెదవి వేలాడేసి పెద్దగా ఆవలించింది. పరశురాములు చిన్నపిల్లవాడిలా నవ్వాడు.

పని అతని చేతులకు తొందరగానే పట్టుబడింది. లారీ తగిలి నడుము పడిపోయిన కుక్క ఒకటి ఎవరినీ దగ్గరికి రానిచ్చేది కాదు, అతని ఒళ్లో తల పెట్టి నిద్రపోయింది. స్తుతి మెచ్చుకుంది కూడా. ఆ సంతోషంలోనే ఒకరోజు చాందిని పొగరు గురించి నవ్వుతూ చెప్పాడు.

స్తుతి నవ్వలేదు. "పట్టీ గుంజితె కొరకొస్తున్నదా? ఎక్కబోతె జరుగుతున్నదా? గది పొగరు గాదన్నా, నొప్పి. జీను ఎక్కడో వత్తుతున్నది. నోరు లేని జీవి ఇంకెట్ల చెప్తది? ఎన్నొద్దులసంది గిట్ల?"

"రెండేండ్లు" అన్నాడు. రెండేళ్లుగా అది నొప్పి అని చెబుతుంటే, చెప్పిన ప్రతిసారీ కొట్టాడన్నమాట.

ఇంటికి పోగానే కొట్టంలోకి నడిచాడు. నేర్చుకున్నట్టే ఊపిరి నిదానం చేసుకుని, అరచెయ్యి తెరిచి మెల్లగా ఎత్తాడు. చాందిని కొరకలేదు, జరగలేదు. గట్టిగా కళ్లు మూసుకుని, ఒళ్లంతా బిగబట్టి, దెబ్బ కోసం నిలబడింది. అతను చెయ్యి దించేసి పేడలోనే కూలబడ్డాడు. వాకిట్లో చాటతో బియ్యం చెరుగుతున్న భార్య యాదవ్వ తలెత్తి చూసి మళ్లీ చెరగసాగింది.

విషయం విని స్తుతి తానే మెట్‌పల్లి వచ్చింది. జీను తిరగేసి చూసి, లోపలి దిండు అణిగి చెక్క తగులుతున్నచోటు చూపించింది. తర్వాత చాందిని ఎడమ మెడ మీద వేళ్లు ఆనించి, వెంట్రుకలు ఊడి గట్టిపడిన చారల దగ్గర ఆగింది.

"గివి దెబ్బలు గదా అన్నా. ఎవరు కొట్టిన్రు?"

"పెళ్ళోళ్లు" అన్నాడు పరశురాములు. "తాగి ఉంటరు మేడం. ఎంత చెప్పినా ఇనరు."

స్తుతి చారల మీంచి చెయ్యి తీసింది. చాందిని యాదవ్వను రానిస్తోంది కాబట్టి ఆమె చేతులు పట్టుకుని, ఆనించాల్సిన చోట్లు చూపించి వెళ్లిపోయింది.

స్తుతిని బస్సెక్కించి పరశురాములు తిరిగి రాగానే యాదవ్వ అంది: "గుర్రానికి నోరు లేదనే గదా గట్లన్నవ్? నాకున్నది గద నోరు. అయినా నేను చెప్పలే. నువ్వు కొట్టినప్పుడు గూడ వద్దనలే. పెండ్లిల పైసల మీదనే బతికిన గదా. నాకు గూడ పాపమే."

ఆనాటినుంచి పొద్దున్నే యాదవ్వ కొట్టంలో, అతను కొట్టం గోడ అవతల. "భుజం కింద జర ఆగు. చెవులెట్లున్నయే?" అని అడిగేవాడు. "పక్కకు వాల్చింది, వదిలినట్టే" అనేదామె. తన గుర్రం బాగుపడటాన్ని అతను చెవులతో విన్నాడు. మెల్లమెల్లగా కాలు మోపింది, కుంటడం పోయింది.

మాఘం రాగానే లింగమూర్తి వచ్చాడు. "నడుస్తున్నది గదరా! జగిత్యాలల పెద్ద లగ్గమున్నది, పా."

"అది నడుస్తున్నదన్నా. నేనే రాను."

"పిచ్చిలేసిందారా నీకు?"

పరశురాములు అతన్ని వాకిలి దాకా సాగనంపాడు. ట్రాలీ ఆటో కిరాయికి తీసుకుని కూరగాయలు తోలడం మొదలుపెట్టాడు. ఖాళీ దొరికితే షెల్టరుకు పోయేవాడు. కుక్కలకు నడుము పట్టిందని, బండి గుర్రం మెడ తిప్పడం లేదని జనం కబురు పంపితే వెళ్లి చేసి వచ్చేవాడు. "నీది ఎంత దయగల చెయ్యి" అని ఎవరైనా అంటే ఇచ్చిన చాయ్ వదిలేసి లేచి వచ్చేసేవాడు.

ఒకరోజు షెల్టరులో కొత్తవాళ్లకు స్తుతి చెబుతోంది: "నడిపించేటోడు గుర్రానికి ఎడమ దిక్కే నడుస్తడు. అందుకనే ఎడమ మెడ, ఎడమ భుజం ముందు తడిమి చూడాలె. ఊరోళ్లు కొట్టిన దెబ్బలు ఒళ్లంత ఉంటయ్. పట్టుకున్నోడు కొట్టినయి ఒక్క దిక్కే ఉంటయ్."

వెనక నిలబడి వింటున్న పరశురాములుకు చాందిని మెడ గుర్తొచ్చింది. అందరూ పోయేదాకా ఆగి అడిగాడు.

"గప్పుడే ఎర్కైందా మేడం?"

"అయింది."

"మరి ఎందుకనలే?"

"అంటే నువ్వు మల్ల రాకపోతుంటివి. నువ్వు రాకుంటె గుర్రానికే నష్టం."

ఆమె తిట్టి ఉంటే బాగుండుననిపించింది. "ఇప్పుడు నేనేం చెయ్యాలె?"

"ఏం చెయ్యకు. దాని దగ్గర కూసో. అది తనంతల తాను వచ్చిందాక ముట్టకు."

"రాకపోతే?"

"రాకపోతే రాలే అన్నా. గది దానిష్టం."

అప్పటినుంచి కిరాయి లేని మధ్యాహ్నాలు కొట్టంలో మూలకు కూర్చునేవాడు. చాందిని దూరపు గోడకు ఆనుకుని నిలబడి అతన్నే చూసేది. వానలు వచ్చాయి. అతను కూర్చునే చోటు మారలేదు, అది నిలబడే చోటూ మారలేదు. అయితే అతను లోపలికి వస్తే కళ్లు మూసుకోవడం మాత్రం మానేసింది. అతను ఉండగానే నిల్చుని కునుకు తీయడం మొదలుపెట్టింది. దానికే అతనికి కళ్లు తడిసేవి. ఆ మాత్రం నమ్మకానికి తాను తగనని తెలుసు.

మళ్లీ ఎండలు వచ్చి ముదిరాక, ఒకనాడు తొట్టి పగిలి నీళ్లన్నీ కారిపోయాయి. యాదవ్వ ఊళ్లో లేదు. పరశురాములు బకెట్ నిండా నీళ్లు తెచ్చి కింద పెట్టబోతుండగా చాందిని కదిలింది. అతను ఎక్కడివాడక్కడ ఆగిపోయాడు. అది వచ్చి, అతని చేతుల్లో ఉన్న బకెట్‌లోనే మూతి పెట్టి తాగింది. మెడ అతనికి జానెడు దూరంలో ఉంది. చారలు కనిపిస్తున్నాయి, వాటి మీద వెంట్రుకలు తిరిగి మొలవలేదు. బకెట్ ఖాళీ అయి, భుజాలు లాగేస్తున్నా అతను దాన్ని కింద పెట్టలేదు. పెడితే చెయ్యి కదులుతుంది.