కారమ్స్ గది బావ

మా కాలేజీ స్టూడెంట్ సెంటర్లో ఆటల గది తాళాలు నా దగ్గరే ఉంటాయి. కొత్తగా చేరిన పిల్లలు మూల నిలబడి ఫోన్లో తల దూర్చితే, పిలిచి మా కారమ్ బోర్డు కథ చెప్పేవాణ్ణి. అది భీమిలి జాలర్ల వలలో పడిందనీ, మునిగిన ఓడ తాలూకు కెప్టెన్ దయ్యమై ఇంకా దానికోసం వెతుకుతున్నాడనీ, అందుకే రెడ్ కాయిన్ వేశాక వెంటనే వెయ్యాల్సిన ఫాలో కాయిన్ ఎవరికీ పడదనీ. నిజానికి పూర్ణా మార్కెట్లో బేరమాడి కొన్నది నేనే. నమ్మేవాళ్ళు నమ్మేవారు, నవ్వేవాళ్ళు నవ్వేవారు. మొత్తానికి బోర్డు చుట్టూ చేరేవారు. నాక్కావలసిందీ అదే.

అలా చేరినవాడే ఎలమంచిలి నుంచి వచ్చే ఓ కుర్రాడు. క్లాసులో "నేను"కి "నాను" అన్నాడని ఎవరో వెక్కిరించారట. ఆపైన అక్కడ నోరు విప్పడం మానేశాడు. మా గదిలో మాత్రం "ఏటి బావా, సూసి కొట్టు!" అని ఒకటే గోల. నెల తిరిగేసరికి అందరికీ వాడు బావే, వాడికీ అందరూ బావలే.

సబ్జెక్టులు పోయి కాలేజీలోంచి తీసేశారని వాడే చెప్పాడు, చాలా ఆలస్యంగా. ఇంట్లో చెప్పలేదు. రోజూ క్యారేజీ పట్టుకుని రైలెక్కి వచ్చి సాయంత్రం దాకా మా గదిలోనే ఉండేవాడు.

"ఇదీ లేకపోతే నానెక్కడికెళ్ళాలండీ?" అన్నాడు. నేను తలుపు తీసి ఉంచాను.

ఈ ఏడాది గుమ్మం దగ్గర కాలేజీ కార్డు చూపించాల్సిన మిషన్ పెట్టారు. వాడి కార్డుకి ఎర్రలైటు వెలిగింది. వాడు పట్టించుకోకుండా వచ్చి బోర్డు దగ్గర కూర్చుంటే, సెక్యూరిటీ ఆయన వెనకాలే వచ్చి కార్డు లాక్కున్నాడు. మిగతా ముగ్గురు ఆటగాళ్ళనీ అడిగాడు.

"మీ వోడేనా?"

"మావోడే. మా బావ."

"పేరేటి?"

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు.

"ఆధార్ కార్డులో బావ అనే ఉంటాదేట్రా?"

నేను అడ్డుపడ్డాను. "మా మేనల్లుడండీ. నన్ను చూడ్డానికొచ్చాడు."

"అలాగా మాస్టారూ. మరి మేనల్లుడి పేరేటో సెప్పండి."

అబద్ధాలకి ఏనాడూ తడుముకోని వాణ్ణి. కానీ అసలు పేరున్న కార్డు ఆయన చేతిలో ఉంది. ఆ పేరు నాకూ తెలీదు.

వాడే లేచాడు. క్యారేజీ తీసుకుని, "ఎళ్ళొత్తాను మావయ్యా," అన్నాడు. నా అబద్ధాన్ని నిలబెట్టి మరీ వెళ్ళాడు. తర్వాత ఫోన్ చేస్తే స్విచాఫ్.

కొన్నాళ్ళకి ఒకాయన వచ్చి, చెప్పులు గుమ్మం బయటే విడిచి, ఏదో పేరు చెప్పి, ఆ కుర్రాడి తండ్రినన్నాడు. "మావోడు ఇక్కడే సదువుతన్నాడు బాబూ. ఇంటికి రాలేదు. ఎప్పుడూ ఈ గది గురించే సెప్పీవోడు."

ఆ పేరుకి మా పిల్లలు తలలు అడ్డంగా ఊపారు. ఆయన ఫోన్లో ఫొటో చూపించాడు.

"బావ!" అన్నారు ముగ్గురూ.

చదువు పోయిన సంగతి నేనే చెప్పాల్సొచ్చింది. ఆయన కోప్పడలేదు. స్టూలు మీద కూలబడి, "ఇక్కడ నవ్వీవోడా?" అని అడిగాడు.

"గది ఎగిరిపోయేలా నవ్వేవాడండీ."

"ఇంటికాడ నవ్వు మానేసి సానా కాలమైంది. సదువు బరువనుకున్నాను."

పోలీస్ స్టేషన్‌కి ఆయనతో నేనూ వెళ్ళాను. ఇప్పటికీ జాడ లేదు. ఆయన అప్పుడప్పుడూ ఫోన్ చేసి, "గది తెరిసే ఉంచుతన్నారా బాబూ? తిన్నగా అక్కడికే వత్తాడేమో," అంటాడు.

తెరిచే ఉంచుతున్నానంటాను. గుమ్మంలో మిషన్ ఉన్న మాట మాత్రం చెప్పను.