రెండుసార్లు వదులు చేసిన యూనిఫాం

ఆ వీధిలో ఆమెను అందరూ కత్తెరమ్మ అంటారు. ఆ పేరు పనిని బట్టి వచ్చిందా, నోటిని బట్టి వచ్చిందా అని అడిగితే, చెప్పేవాళ్లు ముందు అటూ ఇటూ చూసుకుంటారు. పక్క బడి పిల్లల యూనిఫాంలన్నీ ఆమె చేతి మీదుగా వెళ్లేవే. ముందు గదిలో కుట్టు మిషను, కత్తిరించే బల్ల, మేకుకు వేలాడే టేపు. వెనక గదిలో వంట, ఇద్దరు కూతుళ్లు, లారీ తోలే భర్త ఇంట్లో ఉన్న రోజుల్లో ఆయన గురక.

ఆమె పనికి ఒక పద్ధతి ఉంది. ఎదిగే పిల్లల బట్టలకు పక్క కుట్ల లోపల కాస్త ఎక్కువ గుడ్డ వదులుతుంది. ఏడాది మధ్యలో బిగుతైతే కుట్టు విప్పి, ఆ గుడ్డ బయటికి తీసి మళ్లీ కుడుతుంది. "పిల్లలన్నాక పెరగరా?" అంటుంది. ఆమె ముందుచూపును తల్లులందరూ మెచ్చుకునేవారు. ఆ మెప్పును ఆమె ఎన్నడూ వద్దన్న పాపాన పోలేదు.

ఆ ఏడాది బడి తెరిచిన కొత్తలో ఆసుపత్రి నుంచి ఒక నర్సు వచ్చింది. పెద్ద తరగతుల పిల్లలకు వారానికొక గంట శరీరం గురించి చెబుతానంది. మొదటి వారం నెలసరి గురించి చెప్పింది. వచ్చే వారం గర్భం ఎలా వస్తుందో, రాకుండా ఏం చేయాలో చెబుతారట అని పదిహేనేళ్ల పెద్దకూతురు ఇంటికొచ్చి మామూలుగా అనేసింది. కత్తెరమ్మ మిషను ఆపేసింది. మర్నాడే నలుగురు తల్లులను వెంటేసుకుని హెడ్మాస్టరు గదిలోకి నడిచింది.

"లేనిపోని ఆలోచనలు మీరే నేర్పుతారా సారూ? పిల్లల్ని బడికి పంపాలా, మానిపించాలా?"

నర్సు అక్కడే ఉంది. "మనం చెప్పకపోతే ఇంకెవర్నో అడుగుతారక్కా. వాళ్లేం చెబుతారో మనకి తెలీదు."

"మా పిల్లలు అట్లాంటివాళ్లు కాదు. చెప్పాల్సింది చెప్పడానికి ఇంట్లో నేనున్నా."

ఆ హెడ్మాస్టరుకు నలుగురు తల్లులు ఎదురొస్తే ఊరంతా ఎదురొచ్చినట్టే. క్లాసు ఆగిపోయింది. వీధిలో కత్తెరమ్మ పలుకుబడి ఇంకాస్త పెరిగింది. అయితే, చెప్పడానికి నేనున్నానన్న మనిషి ఇంట్లో ఆ ఊసే ఎత్తలేదు. టీవీలో ఎవరికైనా పురిటినొప్పులు మొదలైతే రిమోటు వెతుక్కునేది. నెలసరి గుడ్డలు ఎక్కడ ఆరేయాలో ఒకసారి చూపించింది, అంతే. ఆ తర్వాత తల్లీ కూతుళ్ల మధ్య ఆ మాట రాలేదు. అందుకే పెద్దదానికి నెలసరి ఆగిపోయినప్పుడు కూడా ఆ ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

"నడుం దగ్గర పట్టేస్తోందమ్మా," అంది పెద్దది ఒకరోజు. కత్తెరమ్మకు లోలోపల సంతోషమే. ఈనెపుల్లలా ఉండే పిల్లకు ఇన్నాళ్లకు కాస్త కండ పట్టిందనుకుంది. కుట్టు విప్పి వదులు చేసింది. కొన్నాళ్లకే మళ్లీ పట్టేసిందంటే, "అన్నం గిన్నె నాక్కూడా కాస్త మిగల్చవే," అని వేళాకోళమాడుతూ మిగిలిన గుడ్డ కూడా తీసేసింది. వీధిలో పిల్లలందరినీ టేపుతో కొలిచే మనిషి తన కూతుర్ని మాత్రం కొలవలేదు. నా పిల్ల కొలత నాకు తెలియదా అన్న ధీమా.

మూడోసారి లోపల గుడ్డ మిగల్లేదు. కొత్తది కుడదామని టేపు తీసి పిల్ల నడుం చుట్టూ వేసింది. చేతి కింద పొట్ట గట్టిగా తగిలింది. ఏదో కదిలింది. ఇద్దరు పిల్లల్ని కన్న మనిషి, ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. కత్తెరమ్మ బల్ల పట్టుకుంది.

"ఎవడే?"

తన క్లాసు అబ్బాయే. "ఒక్కసారికి ఏం కాదన్నాడమ్మా. వాడికెవరో చెప్పారంట. నేను లావవుతున్నాననుకున్నా," అంది పిల్ల. భయపడుతోంది కానీ, దేనికి భయపడాలో కూడా దానికి తెలియదు. కొట్టడానికి లేచిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

ఆసుపత్రిలో డాక్టరు ఆరో నెల అంది. ఇంత చిన్న ఒంటికి కాన్పు ప్రమాదమని, తల్లికీ బిడ్డకీ ఏమవుతుందో ఇప్పుడే చెప్పలేనని, క్రమం తప్పకుండా తీసుకురమ్మని చెప్పింది. రక్తం తీయడానికి వచ్చింది ఆ నర్సే. కత్తెరమ్మను గుర్తుపట్టింది. నాలుగు మాటలు అంటుందేమోనని కత్తెరమ్మ తల వంచుకుని కూర్చుంది. "చెయ్యి గట్టిగా బిగించకమ్మా," అని నర్సు పిల్లతో మెల్లగా అంది. తిట్టినా బాగుండేదని కత్తెరమ్మకు ఏడుపొచ్చింది.

ఆ మధ్యాహ్నం ఇంట్లో మిషను మోగలేదు. భర్తకు ఫోన్లో ఎలా చెప్పాలో ఆలోచిస్తుంటే, పిల్ల వచ్చి బల్ల పక్కన నిలబడింది.

"అమ్మా, అది బయటికెట్లా వస్తుంది? పొట్ట కోస్తారా?"

ఆరో నెల మోస్తున్న పిల్లకు బిడ్డ ఎటు నుంచి వస్తుందో తెలియదు. ఆ తెలియకపోవడాన్ని కత్తెరమ్మే వెళ్లి, నలుగుర్ని వెంటేసుకుని మరీ, బడి నుంచి తెచ్చుకుంది.

బట్టల మీద గుర్తు పెట్టే సుద్ద తీసుకుంది. బల్ల మీద గీసింది. ఇది గర్భసంచి, ఇది దారి, నెలనెలా ఇందుకే. కొన్నింటికి పేర్లు తెలియక వేలితో చూపిస్తోంది. గుమ్మం దగ్గర చిన్నది తొంగి చూసింది. లోపలికి పో అనబోయి ఆగింది.

"నువ్వూ వచ్చి కూర్చోవే."

బిడ్డ ఎలా పడుతుందో, పడకుండా ఏం చేస్తారో కూడా చెప్పింది. ఒక టీ చల్లారేంత సేపట్లో అయిపోయింది. పెద్దది ఆ గీతల వంక చూసింది.

"ఆ రోజు నర్సు చెబుతానంది ఇదేనా?"

"ఇదే."

"ఇంతేనా అమ్మా?"